మిలిటరీ థ్రిల్లరా, పొలిటికల్ థ్రిల్లరా? మొదటి నవల ఎంచుకునే ముందు

ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు డీగాల్ 1970 నవంబరులో తన ఇంట్లోనే కన్నుమూశారు. 1963లో ఆయన్ని చంపడానికి ఒక కిరాయి హంతకుడు బయల్దేరిన కథతో ఫ్రెడరిక్ ఫోర్సైత్ రాసిన 'ది డే ఆఫ్ ది జాకాల్' 1971లో వచ్చింది. డీగాల్ హత్యకు గురికాలేదని లోకమంతటికీ తెలుసు కదా, ఇక ఉత్కంఠ ఏముంటుందని కొందరు ప్రచురణకర్తలు రాతప్రతిని తిప్పి పంపారు కూడా. అయినా ఆ నవల పట్టుకున్నవాళ్లు అర్ధరాత్రి దాటినా లైటు ఆర్పలేకపోయారు. ఇప్పటికీ అంతే.

ఈ తరహా నవలల్లో మనకి ఏది నప్పుతుందో తేల్చుకోవాలంటే ముందు ఈ ముడి విప్పాలి. ముగింపు తెలిసిన కథ ఎందుకు చదివిస్తుంది? హంతకుడు ఒక్కో అడుగూ ఎలా వేస్తున్నాడో మనం దగ్గరుండి చూస్తాం. పల్లెటూరి శ్మశానంలో పసితనంలోనే చనిపోయిన ఒక పిల్లాడి సమాధి వెతుకుతాడు. ఆ పేరు మీద జనన ధృవపత్రం నకలు తీసుకుని, దాంతో నిజమైన పాస్‌పోర్టుకే దరఖాస్తు పెడతాడు. బ్రస్సెల్స్‌లో తుపాకులు తయారుచేసేవాడి దగ్గర విడదీసి గొట్టాల్లో దాచగలిగే రైఫిల్ చేయించుకుంటాడు. ఆర్డెన్ అడవుల్లో ఒక కర్బూజా కాయను చెట్టుకి వేలాడదీసి గురి సరిచేసుకుంటాడు. అదే టైములో పారిస్‌లో పోలీసు డిటెక్టివ్ లెబెల్‌కి ఒక మారుపేరు తప్ప ఇంకేమీ తెలియదు. మనకి రెండు వైపులా తెలుసు, వాళ్లకి ఒక్కో వైపే తెలుసు. రోజులు తరిగిపోతుంటాయి. పేజీ తిప్పించేది ఈ తేడాయే.

కాబట్టి అట్ట మీద హెలికాప్టరు, మంటలు చూసి 'ఇది ఫాస్టుగా ఉంటుంది' అని కొనకండి. అలా కొన్నవాటిలో చాలా పుస్తకాలు నూరో పేజీ దగ్గరే ఆగిపోతాయి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ నవలలో వేగం ఎక్కడి నుంచి పుడుతోంది? యంత్రం నుంచా, నాయకుల గదుల్లోంచా, ఒంటరి మనిషి నుంచా?

యంత్రం మీద నడిచేవి

టామ్ క్లాన్సీ 'ది హంట్ ఫర్ రెడ్ అక్టోబర్' 1984లో వచ్చింది. రాసినాయన ఇన్సూరెన్స్ ఏజెంటు, సైన్యంలో పనిచేసినవాడు కాదు. వేసింది నేవల్ ఇన్‌స్టిట్యూట్ ప్రెస్. అప్పటిదాకా నౌకాదళ గ్రంథాలు వేసుకునే ఆ సంస్థ అచ్చువేసిన తొలి కొత్త నవల అది. సోవియట్ కెప్టెన్ రేమియస్ దాదాపు చప్పుడు చేయని కొత్త జలాంతర్గామితో అట్లాంటిక్‌లోకి వస్తాడు. అతను దాడికి వస్తున్నాడా, పారిపోయి వస్తున్నాడా అన్నది అమెరికా తేల్చుకోవాలి. 'డల్లాస్' అనే అమెరికన్ జలాంతర్గామిలో నీటిలోని చప్పుళ్లు పట్టే సోనార్ పరికరం దగ్గర కూర్చున్న జోన్స్ అనే కుర్రాడు అంతకుముందెన్నడూ వినని చప్పుడు ఒకటి పట్టుకుంటాడు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కదలకుండా కూర్చున్న మనిషిని చూపించి గుండె వేగం పెంచడం ఈ నవల సాధించిన పని.

విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన ఐఎన్ఎస్ కుర్సురాలోకి ఒక్కసారి దిగి వచ్చినవాళ్లకి ఈ పుస్తకం ఇంకా బాగా ఎక్కుతుంది. అదీ సోవియట్‌లో కట్టినదే, దాదాపు 91 మీటర్ల పొడవు, డీజిల్ రకం. ఒక అరలోంచి ఇంకో అరలోకి వంగి దూరాలి. నవలలోని రెడ్ అక్టోబర్ టైఫూన్ తరగతికి చెందిన అణు జలాంతర్గామి, పొడవు 170 మీటర్లు దాటుతుంది. కానీ లోపల గాలి, చప్పుడు, పక్కవాడి ముఖం మీది చెమట అన్నీ దగ్గరగా తెలిసే ఆ ఇరుకు మాత్రం ఒకటే.

పూర్తిగా యుద్ధమే కావాలంటే 1986 నాటి 'రెడ్ స్టార్మ్ రైజింగ్' ఉంది. ఒక చమురు కేంద్రం తగలబడటంతో మొదలై అమెరికా వైపు నాటో, సోవియట్ వైపు వార్సా కూటముల యుద్ధంగా ముదురుతుంది. క్లాన్సీ, ల్యారీ బాండ్ కలిసి రాశారు. బాండ్ రూపొందించిన 'హార్పూన్' అనే నౌకాయుద్ధ ఆటలో కొన్ని ఘట్టాలను ముందు ఆడి చూసుకున్నారు. అందుకే ఇందులో ఓడలు రచయితకి కావలసినప్పుడు కాకుండా, క్షిపణి తగలాల్సిన లెక్క ప్రకారం మునుగుతాయి. అయితే ఇది లావుపాటి పుస్తకం. ఒక్క హీరో ఉండడు. ట్యాంకుల్లో ఒకడు, ఐస్‌లాండ్‌లో ఒకడు, ఓడ మీద ఒకడు. మొదటి నవలగా దీన్ని తీసుకోవద్దు.

ఈ రకంలో పాఠకులు తడబడేది మూడు చోట్ల. ఒకటి హోదాలు: నేవీలో కెప్టెన్ అంటే ఆర్మీలో కల్నల్‌తో సమానం, ఆర్మీ కెప్టెన్ మాత్రం చాలా కింది మెట్టు. ఇది తెలియకపోతే ఎవరు ఎవరికి ఆజ్ఞ ఇస్తున్నారో అర్థం కాక సంభాషణల్లో పదును పోతుంది. రెండోది కొలతలు: నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 30 నాట్లంటే గంటకు దాదాపు 55 కిలోమీటర్లు. మన రోడ్డు మీద అది మామూలు వేగమే గానీ జలాంతర్గామికి మహా పరుగు. మూడోది గడియారం: అధ్యాయం పైన 'జులు' అని ఉంటే అది గ్రీనిచ్ టైము. మన టైముకి ఐదున్నర గంటలు వెనక. చలికాలంలో వాషింగ్టన్ దానికి ఐదు గంటలు వెనక, మాస్కో మూడు గంటలు ముందు. మాస్కోలో తెల్లవారి తీసుకున్న నిర్ణయం వాషింగ్టన్‌లో అందరూ నిద్రపోతున్నప్పుడు పడుతుంది. చాలా కథల్లో కీలకం అక్కడే ఉంటుంది. అందుకని అధ్యాయం పైనున్న ఊరు, టైము దాటేయకుండా చదవండి.

టెక్నికల్ పేరా బరువనిపిస్తే దాటేయడం తప్పేమీ కాదు. కానీ అంకెలు దాటేయకండి. ఎంత ఇంధనం మిగిలింది, ఎన్ని టార్పెడోలు ఉన్నాయి, ఎంత దూరం, ఎవరు ఎవరిని చూశారు: ఈ నాలుగూ పట్టుకుంటే చాలు. ఆ యంత్రం లోపల ఎలా పనిచేస్తుందో తెలియకపోయినా కథ తెగదు. ఇంధనం లెక్క మాత్రం రెండువందల పేజీల తర్వాత తిరిగొచ్చి మెడ పట్టుకుంటుంది.

గదుల్లో జరిగే యుద్ధం

పొలిటికల్ థ్రిల్లర్‌లో తుపాకీ పేలకుండా ప్రభుత్వం కూలిపోవచ్చు. దీనికి మేం ముందుగా చేతికిచ్చేది 1962లో ఫ్లెచర్ నెబెల్, చార్లెస్ బెయిలీ కలిసి రాసిన 'సెవెన్ డేస్ ఇన్ మే'. ఇద్దరూ వాషింగ్టన్ విలేకరులు. సోవియట్‌తో నిరాయుధీకరణ ఒప్పందం చేసుకున్న అధ్యక్షుణ్ని దించేయడానికి త్రివిధ దళాల పెద్ద జనరల్ స్కాట్ కుట్ర పన్నుతున్నాడేమో అన్నది కథ. ఏడు రోజులే గడువు.

ఆ కుట్ర ఎలా బయటపడుతుందో చూడండి. కల్నల్ కేసీ కంట ఒక మామూలు సందేశం పడుతుంది. ప్రీక్‌నెస్ గుర్రప్పందెం మీద సేనాధిపతులు తలా ఇంత వేసుకుంటున్న సరదా పందెం అది. సరదా పందెం కట్టుకోవడంలో వింతేమీ లేదు. కానీ అంత పెద్ద హోదాలో ఉన్నవాళ్లు అధికారిక తంతి మార్గంలో దాన్ని ఎందుకు పంపుకోవాలి? ఆ తర్వాత 'ఎకామ్‌కాన్' అనే మాట వినబడుతుంది. సైన్యం కేంద్ర కార్యాలయంలో పనిచేస్తున్న తనకే తెలియని దళం అది. ఒక గుర్రప్పందెం, ఒక తెలియని పేరు. ఈ రెండింటి నుంచి అధ్యక్షుడి ముందు నిలబడి 'మన సైన్యాధిపతి మీద నాకు అనుమానంగా ఉంది' అని చెప్పే దాకా ఆ మనిషి పడే నలుగుడు ఏ ఛేజింగ్‌కీ తీసిపోదు.

ఈ రకం తెలుగు పాఠకులకి సులువుగానే పట్టుబడుతుంది. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చేయడం, ఎమ్మెల్యేలను క్యాంపులకి తరలించడం, తలలు లెక్కపెట్టుకుంటూ నెల గడవడం, సెప్టెంబరు 16న ఆయన తిరిగి ముఖ్యమంత్రి కావడం: ఇదంతా పత్రికల్లో రోజువారీగా చదివిన తరం ఇంకా మన మధ్యే ఉంది. క్యాంపు రాజకీయం అనే మాట మనకి పుస్తకంలోంచి రానక్కర్లేదు. అందుకే మైకేల్ డాబ్స్ 1989లో రాసిన 'హౌస్ ఆఫ్ కార్డ్స్' మనవాళ్లకి చకచకా సాగుతుంది. బ్రిటిష్ పార్లమెంటులో చీఫ్ విప్ అర్కర్ట్ తన పార్టీ వాళ్ల రహస్యాలన్నీ గుప్పిట్లో పెట్టుకుని ఒక్కొక్కర్నీ పక్కకి తప్పిస్తాడు. విప్ అంటే ఏమిటో, ఎవరి బలహీనత ఎవరి చేతిలో ఉంటే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

అలెన్ డ్రూరీ 'అడ్వైజ్ అండ్ కన్సెంట్' గొప్ప నవలే, 1960లో పులిట్జర్ బహుమతి వచ్చింది. కానీ వేగం కోసం దాని దగ్గరికి వెళ్లొద్దు.

ఇందులో తడబడే చోటు సంస్థల పేర్లు. బ్రిటన్ గూఢచార సంస్థల్లో ఎంఐ5 దేశం లోపల చూసుకుంటుంది, ఎంఐ6 బయట. సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ 1991లో ముగిసింది. ఆ తర్వాతి కథల్లో రష్యా లోపలి పనికి ఎఫ్ఎస్‌బీ, బయటి గూఢచర్యానికి ఎస్‌వీఆర్ కనిపిస్తాయి. జీఆర్‌యూ సైన్యానికి చెందినది, దీనికీ కేజీబీకీ పడేది కాదు. ఆ పడకపోవడం మీదే కొన్ని కథలు నడుస్తాయి. 2005కి ముందు రాసిన నవలల్లో సీఐఏ అధిపతే అమెరికా గూఢచార వ్యవస్థ అంతటికీ పెద్ద. తర్వాత ఆ పై కుర్చీ వేరైంది. పాత నవల చదువుతూ 'ఇంత పని ఈయన చేతిలో ఎందుకుంది' అనిపిస్తే కారణం అదే.

రెండూ కలిసినవి

నిజానికి చాలామందికి కావలసింది ఇదే: పైన గదిలో తీసుకున్న నిర్ణయం కింద మట్టిలో ఉన్న సైనికుడి మీద ఎలా పడుతుందో చూపించే కథ. ఇందులో మా మొదటి ఓటు ఫోర్సైత్ 1994 నవల 'ది ఫిస్ట్ ఆఫ్ గాడ్'కి. 1990 మార్చిలో బ్రస్సెల్స్‌లో నిజంగానే హత్యకు గురైన ఫిరంగుల నిపుణుడు జెరాల్డ్ బుల్ దగ్గర కథ మొదలవుతుంది. ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమిస్తుంది. అరబ్బుగా చెలామణి కాగల బ్రిటిష్ కమాండో మైక్ మార్టిన్ ముందు కువైట్‌లోకి, తర్వాత బాగ్దాద్‌లోకి వెళ్తాడు. సద్దాంకి దగ్గరగా ఉన్న ఒక అజ్ఞాత వ్యక్తి సమాచారం అమ్ముతుంటాడు. 1991 ఫిబ్రవరి 24న భూతల దాడి మొదలయ్యేలోపు అన్నీ తేలాలి.

కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి మనుషులు వెళ్లిన ఇళ్లలో ఆ ఆగస్టు ఎలా గడిచిందో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎయిర్ ఇండియా విమానాల్లో లక్షా డెబ్బైవేల మందిని వెనక్కి తెచ్చిన రోజులవి. ఆ ఊరు, ఆ చెక్‌పోస్టులు, ఆ భయం తెలిసిన ఇంట్లో ఈ నవల వేరే దేశపు కథలా ఉండదు.

క్లాన్సీ పుస్తకాల్లో ఈ కోవకి చెందినది 1989 నాటి 'క్లియర్ అండ్ ప్రెజెంట్ డేంజర్'. డ్రగ్స్ ముఠాల మీదికి కొలంబియా కొండల్లోకి రహస్యంగా చిన్న చిన్న పదాతి దళాలను పంపుతారు. పంపినవాళ్లకి వాషింగ్టన్‌లో తమ కుర్చీ భయం ఉంటుంది. ఆయన పుస్తకాల్లో కోపం తెప్పించేది ఇదే, మంచి అర్థంలో.

ఒంటరి మనిషి

మధుబాబు షాడో నవలలు అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని తెల్లారేలోపు ముగించిన అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ మొదలుపెట్టొచ్చు. ఇంగ్లిష్ నవల కొత్తగా చదివేవాళ్లకి కూడా ఇదే తేలిక: ఒక హీరో, చిన్న అధ్యాయాలు, తక్కువ పేర్లు. విన్స్ ఫ్లిన్ 'ట్రాన్స్‌ఫర్ ఆఫ్ పవర్' 1999లో వచ్చింది. ఉగ్రవాదులు వైట్‌హౌస్‌ని పట్టుకుంటారు, అధ్యక్షుడు నేలమాళిగలో చిక్కుకుంటాడు. మార్క్ గ్రీనీ 'ది గ్రే మ్యాన్' 2009 నాటిది, మొదటి పేజీ నుంచీ పరుగే. జాక్ కార్ 'ది టెర్మినల్ లిస్ట్' 2018 నాటిది. ఆయన అమెరికా నౌకాదళ కమాండోగా (నేవీ సీల్) పనిచేసినవాడు. ఆ పుస్తకంలో అక్కడక్కడా వాక్యాల మీద నల్ల గీతలుంటాయి. అది అచ్చుతప్పు అనుకుని పుస్తకం వాపసు చేయకండి. అమెరికా రక్షణ శాఖ పరిశీలనలో తీసేయమన్న మాటలను అలాగే నల్లగా అచ్చువేశారు. ఇందులో చిత్రహింసల ఘట్టాలు కటువుగా ఉంటాయి, స్కూలు పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఈ రకంలో వేగం ఖాయం, లోతు ఖాయం కాదు. నాలుగైదు వరసగా చదివితే ఒకే పుస్తకం మళ్లీ చదువుతున్నట్టుంటుంది. ఇంకో సంగతి సూటిగా చెప్పాలి: ఈ అమెరికన్ నవలలు చాలావాటిలో అరబ్బులు, ముస్లింలు, రష్యన్లు శత్రువులుగా తప్ప మనుషులుగా కనిపించరు. ఆడవాళ్లకి కథలో చోటు తక్కువ. అది ఇబ్బంది పెడితే బ్రిటిష్ రచయిత జాన్ ల కారే వైపు వెళ్లండి. ఆయన 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' 1963లో వచ్చింది, చిన్న పుస్తకం, శని ఆదివారాల్లో అయిపోతుంది. ఛేజింగులు లేవు, కానీ ఒక్క పేజీ కూడా వృథా లేదు. 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై' మాత్రం నిదానం. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో మనమే కూడబెట్టుకోవాలి. పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటూ చదివితే నిలుస్తుంది.

షాపులో పది నిమిషాలు

ఏ పుస్తకమైనా కొనే ముందు మూడు చోట్ల తెరవండి. మొదటి రెండు పేజీలు, యాభయ్యో పేజీ, సరిగ్గా సగం. యాభయ్యో పేజీలో ఒకేచోట నాలుగైదు కొత్త పొడి అక్షరాల పేర్లు ఎదురైతే అది యంత్రం రకం. సంభాషణ ఎక్కువై, ఎవరూ అనుకున్నది నేరుగా చెప్పకపోతే గదుల రకం. సగం దగ్గర ఎవరో పరిగెడుతుంటే ఒంటరి మనిషి రకం. మీకు చదవాలనిపించింది ఏదో ఆ పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

తర్వాత టైము లెక్క. గంటకు 30 పేజీలు చదివేవాళ్లకి 400 పేజీల నవల 13 గంటలు పైచిలుకు. రోజూ నిద్రకి ముందు అరగంట అంటే దాదాపు నెల. నెలరోజుల పాటు ఇరవై మంది పాత్రలు గుర్తుండవు. అలాంటప్పుడు పాత్రలు తక్కువున్న జాకాల్, గ్రే మ్యాన్ లాంటివి తీసుకోండి. రైలు ప్రయాణాలు, పండగ సెలవుల్లో ఏకబిగిన చదివే వీలుంటేనే క్లాన్సీ. ఆడియోలో వింటానంటే ఆయన పెద్ద నవలలు 20 గంటలు దాటుతాయి, పైగా రష్యన్ పేర్లు చెవికి ఒకేలా వినిపిస్తాయి. ఆడియోకి ఒంటరి మనిషి కథలే మేలు. కొనేముందు 'అబ్రిడ్జ్‌డ్' అని ఉందేమో చూడండి. అది కుదించినది, మెలికలే ముందు పోతాయి.

సిరీస్ వరసలో జరిగే పొరపాటు ఖరీదైనది. క్లాన్సీ 'ఎగ్జిక్యూటివ్ ఆర్డర్స్', 'డెట్ ఆఫ్ ఆనర్' చివరి ఘట్టం ముగిసిన చోటే మొదలవుతుంది. ముందు 'ఎగ్జిక్యూటివ్ ఆర్డర్స్' చదివితే 'డెట్ ఆఫ్ ఆనర్' ముగింపు మీకు చచ్చిపోయినట్టే. ఫ్లిన్ విషయంలో 2010లో వచ్చిన 'అమెరికన్ అసాసిన్' హీరో తొలి రోజుల కథ. కథాకాలం ప్రకారం ముందుది అయినా, అచ్చయిన వరసలో చదివితేనే ఆ మనిషి అలా ఎందుకు తయారయ్యాడన్న ప్రశ్నకి విలువ ఉంటుంది. క్లాన్సీ, ఫ్లిన్ ఇద్దరూ 2013లో పోయారు. ఆ తర్వాత కూడా వాళ్ల పేరు పెద్ద అక్షరాల్లో ఉన్న పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. రాసింది ఎవరో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అట్ట ఎదురుగా పట్టుకుని అది చదవండి.

పాత పుస్తకాలకి హైదరాబాదులో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి మించింది లేదు. ఈ రచయితల పేపర్‌బ్యాక్‌లు అక్కడ ఎప్పుడూ దొరుకుతాయి. విజయవాడ, హైదరాబాదు పుస్తక ప్రదర్శనల్లోనూ పాత పుస్తకాల స్టాళ్లుంటాయి. దొంగ ముద్రణల దగ్గర జాగ్రత్త. కాగితం పల్చన, అక్షరం మసక, అట్ట రంగు వెలిసినట్టుంటే పేజీ అంకెలు వరసగా తిప్పి చూడండి. పుస్తకం కొన్ని పేజీల కట్టలుగా కూరుస్తారు గనక పోతే తరచుగా ఒక్క పేజీ కాదు, పదహారో ముప్పై రెండో ఒక్కసారిగా పోతాయి, లేదా అదే కట్ట రెండుసార్లు వస్తుంది. చివరి యాభై పేజీలు తప్పకుండా చూడాలి. థ్రిల్లర్‌లో అక్కడ కట్ట పోతే మిగతా మూడొందల యాభై పేజీలూ ఎందుకూ కొరగావు.

ఇంకా తేలకపోతే జాకాల్‌తో మొదలుపెట్టండి. అందులో పాస్‌పోర్టు సంపాదించే ఘట్టం, రైఫిల్ చేయించే ఘట్టం మీకు బాగా నచ్చితే తర్వాత రెడ్ అక్టోబర్. పారిస్ గదుల్లో మంత్రులు, పోలీసు పెద్దలు రోజూ రాత్రి కూర్చునే సమావేశాలు నచ్చితే సెవెన్ డేస్ ఇన్ మే. హంతకుడు సరిహద్దులు దాటే ఘట్టాల దగ్గర ఊపిరి బిగబట్టినట్టయితే గ్రే మ్యాన్.